రేపు రమ్మనని మా బావగారు

రాజమండ్రి ఆస్పత్రి నుంచి మావారు ఫోను చేసేసరికి నేను పెరట్లో అంట్లు తోముతున్నాను. చేతులు పైటకి తుడుచుకుని సెల్లు అందుకున్నాను. "అన్నయ్య వెళ్ళిపోయాడే," అన్నారు. "ఎన్నింటికి?" అని అడగబోయి, ఎన్నింటికైతే ఇప్పుడేంటని ఊరుకున్నాను. ఫోను పెట్టేసి నూతి గట్టు మీద కూలబడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు వెంటనే ఏడుపు రాలేదు. నీరసం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆస్పత్రికి క్యారేజీలు కట్టిన అలసటంతా ఒక్కసారి మోకాళ్ళలోకి దిగింది. ఏడవడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

మా బావగారు, అంటే మావారి అన్నగారు, మా ఊరి చర్చి సంఘపెద్ద, ఇక లేరు. ఆ సంగతి ఆయన భార్యకి నేనే చెప్పాలి. తోటికోడలే అయినా నేను ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తాను. అక్క నా మొహం చూసే తెలుసుకుంది. గోడకి జారగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మధ్యాహ్నానికి ఆయన్ని ఇంటికి తెస్తారు, జనం వస్తారు, కూర్చోవడానికి బెంచీలు వేద్దామని నేను వెనక వసారాలోకి వెళ్ళాను. ఒక్క బెంచీ లేదు.

"పక్కవీధిలో ఓణీల ఫంక్షనుకి ఇచ్చేశారే," అంది అక్క ఏడుపు మధ్యలోనే. "ఆస్పత్రికి వెళ్ళే పొద్దున. బయట ఆటోవాడు హారను కొడుతుంటే ఈయన ఆయాసపడుతూ నిలబడి బెంచీలు మోయించారు."

తెచ్చివ్వాలని వాళ్ళకి తోచలేదు, అడిగి తెచ్చుకునే తీరిక మాకు లేకపోయింది. వచ్చినవాళ్ళందరూ ఆ రోజు చాపల మీదే కూర్చున్నారు.

సంఘం అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నన్ను పిలిచి, ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. "మీరు దగ్గరుండి చూశారు కదమ్మా," అన్నారు. చూడటమేంటి, ఆ మనిషి మంచితనానికి ఇన్నేళ్ళూ వండి వార్చింది మేమిద్దరమే. అందుకని ఇందులో పొగడ్తలు వెతక్కండి. పొగిడితే ఆయనకీ నచ్చేది కాదు, నాకూ అంత ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కోనసీమలో కాలవ ఆఖరున ఉన్న ఊరు. మా తర్వాత సరుగుడు తోటలు, ఆ తర్వాత సముద్రమే. ఒకే పెంకుటింట్లో రెండు వాటాలు, ఒకటే పెరడు, ఒకటే నుయ్యి. అన్నదమ్ములిద్దరికీ చేలు కూడా పక్కపక్కనే. అయ్యగారు ఊళ్ళో లేని ఆదివారాల్లో బావగారు వాక్యం చెప్పేవారు. ఆయన ఎప్పుడు నిలబడ్డా చెప్పే సంగతి ఒకటే. పక్కవాడు వచ్చి ఏదన్నా అడిగితే, అడిగింది నీ దగ్గరుంటే, పోయి రేపు రమ్మని వాణ్ణి తిప్పవద్దని బైబిల్లో జ్ఞాని చెప్పిన సంగతి. "దీనికి అర్థం చెప్పడానికి ఏముందండీ? ఉందా, ఇచ్చెయ్యండి. లేదా, లేదని చెప్పెయ్యండి. ఈ రేపు అనే మాట మాత్రం మన గుమ్మాల్లోంచి తీసెయ్యండి," అనేసి కూర్చునేవారు. ఆయన వాక్యం చెప్పిన ఆదివారం మా ఊరి ఆడవాళ్ళకి వంట తొందరగా అయ్యేది. అందుకని అందరికీ ఆయన ప్రసంగం అంటే ఇష్టం.

మాకే, ఆ ప్రసంగంతో కాపురం చెయ్యాల్సి వచ్చింది.

గ్యాసు బండ రాయిస్తే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని రోజులవి. ఒక పూట మా పుట్టింటివాళ్ళు వచ్చారు. ఒక పొయ్యి మీద పప్పు, రెండో పొయ్యి మీద చేపల పులుసు. బావగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే నా గుండెల్లో రాయి పడేది.

"అమ్మాయ్, ఎదురింట్లో పెళ్ళిచూపులవాళ్ళు దిగారు. వాళ్ళ బండ ఇప్పుడే అయిపోయిందిట."

"అయ్యో. ఈ పప్పు దించగానే ఇద్దాం బావగారూ."

"పప్పు దిగేసరికి పెళ్ళికొడుకు లేచి వెళ్ళిపోతాడమ్మా."

"మా అన్నయ్యావాళ్ళు వచ్చి కూర్చున్నారండీ!"

"మీ అన్నయ్య మనవాడు. కట్టెలపొయ్యి మీద వండిపెట్టినా ఏమీ అనుకోడు. పెళ్ళివారు అనుకుంటారు."

ఆయన రెగ్యులేటరు ఊడదీసి, బండ భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు. నేను తడి కట్టెలు ఊదుకుంటూ, కళ్ళు మండుతుంటే ఆ పులుసు ఎలా పూర్తి చేశానో నాకే తెలుసు. మా అన్నయ్య పెరట్లోకి వచ్చి, "ఏంటే, ఇల్లు తగలబడుతోందా?" అన్నాడు. ఇంతా చేస్తే ఆ సంబంధం కుదరలేదు. బండ మాత్రం ఖాళీ అయి తిరిగొచ్చింది. అక్కా నేనూ దాన్ని కాలితో దొర్లించుకుంటూ మూలకి చేర్చి, ఆయన్ని తనివితీరా తిట్టుకున్నాం.

నిచ్చెన, పార, మోకు, సైకిలు, టార్చిలైటు ఇవన్నీ ఆయన వీధి వసారాలోనే ఉంచేవారు. లోపల పెడితే అడిగేవాడు తలుపు కొట్టాలి, తలుపు కొట్టడానికి మొహమాటపడతాడని. మావారికి ఇది చూస్తే ఒళ్ళు మండేది. "అన్నయ్యా, ఓ బోర్డు కూడా కట్టు, దొంగలకి దారి ఇటు అని," అనేవారు. ఆయన నవ్వేసేవారు.

ఒకసారి ఒకడు కూతురికి కబురు చెప్పి రావాలని సైకిలు పట్టుకెళ్ళాడు. కూతురూ లేదు, కబురూ లేదు. పంటు ఎక్కి గోదావరి దాటి యానాం చేరాడు. అక్కడ చవగ్గా దొరుకుతుందని పీకల దాకా తాగి, సైకిలు ఎక్కడ వదిలాడో మర్చిపోయి నడుచుకుంటూ వచ్చాడు. బావగారే మళ్ళీ పంటెక్కి వెళ్ళి, కొట్టుకొట్టూ తిరిగి సైకిలు వెతికి తెచ్చుకున్నారు. వాడు ఇంకోసారి గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని మావారు వీధిలో నిలబడి అరిచారు. తర్వాత వానలు పట్టాయి. వాడే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు, నిచ్చెన కావాలని. మావారు ఇంట్లో లేరు కాబట్టి బతికిపోయాడు. బావగారు నిచ్చెన చూపించారు.

నాకు ఆగలేదు. "ఎందుకండీ బావగారూ, వాడి సంగతి తెలిసి తెలిసి?"

"తెలుసమ్మా. వాడిల్లు కారుతోందన్న సంగతీ తెలుసు. ఎక్కి తాటాకు సర్దుకోవాలంటే నిచ్చెన కావాలి కదా. సైకిలుకీ నిచ్చెనకీ లెక్క కలపకు."

"పోనీ కాసేపు ఆలోచించి ఇవ్వచ్చు కదండీ. అడిగీ అడగ్గానే లేచిపోతారేంటి?"

అప్పుడాయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "వెళ్దామా మానేద్దామా అని వాడు ఇంటి దగ్గరే బోలెడంత ఆలోచించి వస్తాడమ్మా. మన గేటు దాకా వచ్చేసరికే వాడికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఇంక మనం కూడా ఆలోచిస్తూ కూర్చుంటే ఎలా?"

మాట బాగుంది. కాదనను. కానీ అన్నం కలుపుకున్న చెయ్యి కడిగేసుకుని ఆయన లేచి వెళ్ళిపోతే, ఆ కంచం మీద మూత పెట్టి, మళ్ళీ వేడి చేసి, మళ్ళీ వడ్డించేది ఎవరు? అక్కకి నడుం నొప్పి, నాకు మోకాళ్ళు. పరోపకారం అన్న మాటలో వంటిల్లు కనపడదు. ఈ సంగతి అయ్యగార్లు కూడా ఎప్పుడూ చెప్పరు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చేపల చెరువే.

మా చేలకి పడమటి గట్టు అవతల ఒక రైతు వరి మానేసి చేపల చెరువు తవ్వించాడు. ఆ రోజుల్లో చాలామందికి అదే పిచ్చి. చెరువు నిండాక దాని ఊట మా చేలలోకి దిగింది. రెండో పంటగా వేసిన దాళ్వా మొదళ్ళు కుళ్ళిపోయి, కోతకి కొడవలి పట్టుకెళ్ళాల్సిన పని లేకుండా పోయింది. పెద్దమనుషుల్లో పెట్టాం. అందరూ కూర్చున్న చోట ఆ చెరువు రైతు మా బావగారి వైపు తిరిగి, "మీరు ప్రార్థనాపరులు కదండీ. మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసుకోండి, నీళ్ళు అవే ఇంకిపోతాయి," అన్నాడు. నలుగురూ పకపకా నవ్వారు. బావగారు కండువా దులుపుకుని లేచి వచ్చేశారు. మావారు మాత్రం ఆ నవ్వుని కడుపులో పెట్టుకున్నారు. అప్పటినుంచి ఆ రైతుకీ మాకూ మాటల్లేవు.

ఆ తర్వాత ఏడో, ఆ పై ఏడో, కాలవలకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. వదిలినా పై ఊళ్ళన్నీ తడిశాక గానీ ఆఖరి ఊరికి రావు. మా ఆకుమడి, అంటే ఊడ్పులకి నారు పోసుకున్న మడి, నెర్రెలు విచ్చింది. అన్నదమ్ములిద్దరి చేలకీ కలిపి అదొక్కటే ఆకుమడి. అది ఎండిపోతే ఆ ఏటి తిండిగింజలు పోయినట్టే. మళ్ళీ విత్తనం చల్లినా, పంట చేతికొచ్చే వేళకి తుఫాన్ల రోజులొచ్చేస్తాయి. మురుగు కాలవ అడుగున కాసిని మంచినీళ్ళున్నాయి, ఇంజనుతో తోడుకుంటే మడి గట్టెక్కుతుంది. అదీ ఆ రోజే తోడుకోవాలి. సాయంత్రం అమావాస్య పోటు తగిలిందంటే సముద్రపు నీళ్ళు ఆ కాలవలోకి ఎక్కేస్తాయి. ఉప్పునీళ్ళు పెడితే ఆకు, అంటే ఆ నారు, మాడిపోతుంది.

ఇంజను అన్నదమ్ములిద్దరిదీ. పొద్దున్నే దాన్ని ఎడ్లబండి మీదకి ఎక్కించారు. మబ్బేసింది గానీ చినుకు లేదు. గాలి బొత్తిగా లేదు, కొబ్బరి మట్ట కూడా కదలడం లేదు. మావారు డీజిలు డబ్బా అందుకుంటుంటే గేటు దగ్గర చెరువు రైతు కనిపించాడు. లుంగీ మోకాళ్ళ దాకా తడిసి బురదగా ఉంది. గేటు తీసుకుని లోపలికి రాలేదు.

"పెద్దగారూ," అన్నాడు. "చేప తేలిపోతోందండి."

చెరువులున్న ఊళ్ళవాళ్ళకి ఆ మాట చాలు. తెలియనివాళ్ళకి చెబుతాను. గాలాడని మబ్బు రోజున నీళ్ళలో చేపకి ఊపిరందదు. పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఇంజను పెట్టి ఆ నీళ్ళనే తోడి, ఎత్తునుంచి మళ్ళీ చెరువులోకి పడేట్టు కొడితే నీళ్ళకి గాలి తగిలి చేప తేరుకుంటుంది. లేకపోతే ఆ పూటకే చెరువంతా తెల్లగా తిరగబడుతుంది.

"మీ ఇంజనేమైంది?" అన్నారు బావగారు.

"క్రాంకు విరిగిందండి. అమలాపురం పంపాను. రాత్రి నుంచీ కరెంటు లేదు. కనపడినవాళ్ళందరినీ అడిగేశానండి. అందరి ఇంజన్లూ ఆకుమళ్ళ మీదున్నాయి. రేపిస్తామంటున్నారు."

"రేపటికి ఇంకేముంటుంది," అన్నారు బావగారు, తనలో తను అనుకుంటున్నట్టు.

మావారు డీజిలు డబ్బా నేల మీద పెట్టారు. "ఏం? మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసుకోండి, చేపలు అవే మునుగుతాయి."

ఆ రైతు తల దించుకున్నాడు. దాచడమెందుకు, నాకు లోపల్లోపల చల్లగా ఉంది. అలాంటి మాటొకటి అతనికి తగలాలని నేను ఎన్ని రాత్రులు కోరుకున్నానో.

బావగారు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు. "ఇంజను మన దగ్గర ఉంది కదరా."

"ఉంది. మన ఆకు కోసం ఉంది."

"ఆకు సాయంత్రం దాకా ఓర్చుకుంటుంది. చేప మధ్యాహ్నం దాకా ఓర్చుకోదు."

"సాయంత్రానికి నీళ్ళు ఉప్పెక్కిపోతాయి అన్నయ్యా! నీకు తెలీదా ఏంటి?"

"తెలుసురా."

నేను ఊరుకోలేకపోయాను. ఎప్పుడూ మగవాళ్ళ మధ్య మాట్లాడనిదాన్ని, బండి దగ్గరికి వెళ్ళిపోయాను. "బావగారూ, మా పిల్లలు తినేది ఆ గింజలేనండీ."

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు, చిరాకు లేదు. ఆ మొహంలో అంత అలసట నేనెప్పుడూ చూడలేదు. "నిజమేనమ్మా," అన్నారు. తర్వాత బండివాడితో, "పడమటికి తిప్పు," అన్నారు.

మావారు ఇంజను తిప్పే హ్యాండిలు విసిరి వాకిట్లో కొట్టారు. "నువ్వే తిప్పుకో," అని లోపలికి వచ్చి తలుపేసుకున్నారు. బావగారు వంగి హ్యాండిలు తీసుకుని, దుమ్ము తుడిచి, బండి వెనకాల నడిచారు.

అన్నం వేళకి అక్క క్యారేజీ కట్టి నన్ను పంపింది. తనకి వెళ్ళబుద్ధి కాలేదంది. చెరువు గట్టు ఎక్కి చూశాను. నీళ్ళ మీద ఎటు చూసినా గుండ్రటి నోళ్ళు. తెరుచుకోవడం, మూసుకోవడం. బొచ్చెలు, శీలావతులు, చేతులంతేసి చేపలు, మనిషిని చూసి బెదిరే ఓపిక కూడా లేదు వాటికి. అంచున కొన్ని అప్పటికే వెల్లకిలా పడ్డాయి. బావగారు ఛాతీలోతు నీళ్ళలో నిలబడి పైపు చివర పైకెత్తి పట్టుకున్నారు. నీళ్ళు జల్లులా పడుతున్నాయి, పడిన చోటికి చేపలు తోసుకుంటూ వస్తున్నాయి. చెరువు రైతు ఇంజను దగ్గర కూర్చుని మా ఇంజనుకేసే చూస్తున్నాడు, అది ఎక్కడ ఆగిపోతుందోనని.

ఆయన గట్టెక్కాక అన్నం పెడుతూ మెల్లిగా అన్నాను. "ఎలాగూ ఇంజను ఇక్కడ ఆడుతోంది కదండీ. ఈ నీళ్ళు కాసిని మన మడికి వదలమనండి. చిన్న బోదె కాలవ తవ్వుకుంటే పారతాయి."

"ఆయనంతట ఆయన ఇస్తే తీసుకుందాం. ఇప్పుడు నేనడిగితే అది బేరమవుతుందమ్మా."

"అవనివ్వండి. బేరమైతే తప్పేంటి?"

ఆయన ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, "ఊపిరాడనివాడితో బేరం చెయ్యకూడదు," అన్నారు. నాకు ఒళ్ళు మండి, మజ్జిగ కూడా పొయ్యకుండా క్యారేజీ సర్దేశాను. ఆ చెరువు రైతు తనంతట తను ఇవ్వనూ లేదు. అప్పటికే చెరువులో నీళ్ళు తక్కువ, అతని భయం అతనిది.

పొద్దు వాలే వేళకి కాస్త గాలి తిరిగింది. చేపలు ఒక్కొక్కటే అడుక్కి దిగిపోయాయి, నీటి మీద బుడగలు తప్ప ఏమీ మిగల్లేదు. బావగారు తడి బట్టలతోనే బండి కట్టించుకుని మురుగు కాలవకి వెళ్ళారు. నీళ్ళు అంచుల దాకా ఉన్నాయి, చూడటానికి ఎంతో బాగున్నాయి. ఆయన వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకున్నారు. వెంటనే ఊసేశారు.

"ఎక్కేసింది," అన్నారు. ఇంజను బండి దిగకుండానే ఇంటికి వచ్చింది.

మర్నాటి నుంచి ఇంటి నూతిలో నీళ్ళు తోడి బిందెలతో మడికి మోశాం. నేనూ, అక్కా, ఆయనా, మావారూ. నలుగురం ఒకే గట్టు మీద ఎదురెదురుగా నడుస్తున్నా అన్నదమ్ములిద్దరూ మొహాలు చూసుకోలేదు. చంకలో బిందె రాసుకుని నాకు చర్మం లేచిపోయింది. బిందె నీళ్ళు నెర్రెలో పోస్తే ఎటుపోయాయో తెలిసేది కాదు. చివరికి వాన పడేసరికి సగం మడి మిగిలింది. ఒకరి చేలకి సరిపోతుంది, ఇద్దరికీ చాలదు. ఊళ్ళో అమ్మేవాళ్ళు కూడా లేరు, ఎవరి ఆకు వాళ్ళ ఊడ్పులకే బొటాబొటీగా ఉంది.

బావగారు మా వాటాలోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఆ ఆకు తీసుకెళ్ళి నీ చేలో ఊడిపించుకోరా."

"మరి నీకో?" అన్నారు మావారు, తలెత్తకుండా.

"అతను అడగడానికి వచ్చింది నా దగ్గరికి. ఇచ్చింది నేను. నా చేలో గింజలు నేను ఇచ్చుకోవచ్చు గానీ, నీ చేలో గింజలు తీసి ఇచ్చేసి నేనిచ్చానని చెప్పుకోకూడదు కదా."

మావారు లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది. "అంటే ఏంటి? నా మీద జాలి పడుతున్నావా? ఆ చెరువువాడి పక్కన నన్ను కూడా నిలబెడుతున్నావా? చెరి సగం ఊడుద్దాం. పోతే ఇద్దరికీ పోతుంది."

"చెరి సగమైతే నీ పిల్లలకి సగమే కదరా అన్నం," అని ఆయన వెళ్ళిపోయారు. ఆకు మా చేలోనే పడింది. అదిగో, ఆ రోజు నుంచి మావారు అన్నగారితో పూర్తిగా మాటలు మానేశారు. అంతకుముందు కోపం వేరు. ఇది వేరు. అన్నదమ్ములు విడిపోతారేమో, పెరట్లో గోడ లేస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. తిండిగింజలు దక్కాయన్న సంతోషం కూడా ఆ భయంలో కొట్టుకుపోయింది. అక్క నాతో మాట్లాడేది, కానీ కళ్ళెత్తేది కాదు. ఒకే నూతి దగ్గర ఇద్దరం చేద వంతులవారీగా వేసుకుంటూ, బరువు మోస్తున్న మనుషుల్లా మెలిగాం.

ఆ చెరువు రైతు మారిపోయాడని రాస్తే మీకు బాగుంటుంది. మారలేదు. చేపలు పట్టించాడు, లారీకి ఎత్తాడు. ఊట అలాగే దిగుతూ ఉంది. దారిలో కనపడితే బావగారికి తల ఊపేవాడు, అంతే. ఒకసారి నేను ఉండబట్టలేక బావగారిని అడిగాను. "ఏం మిగిలిందండీ మీకు?"

"అతను అడిగినప్పుడు నా దగ్గర ఉంది, ఇచ్చాను. మిగలడానికి అందులో ఏముందమ్మా," అన్నారు.

ఆ ఏడు ఊడ్పులయ్యాక ఊరు ఊరంతా పచ్చబడింది. మధ్యలో ఆయన చేను ఒక్కటే నల్లగా, వాన నీళ్ళు నిలిచి, ఖాళీగా ఉండేది. ఆయన మాత్రం మామూలుగానే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి గట్టు మీద కూర్చునేవారు. దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏంటండీ పెద్దగారూ, ఊడ్చలేదా?" అని అడిగేవారు. సంగతి తెలిసి కూడా అడిగేవారు. "నేల కూడా అలిసిపోయిందండి. ఈ ఏడు పడుకోనిద్దాం," అనేవారాయన. ఆ మాట ఆయన నేల గురించే అంటున్నారని నాకు అనిపించేది కాదు.

ఒక సాయంత్రం మావారూ నేనూ మా చేలో కలుపు తీస్తున్నాం. బాతులవాడు ఒకడు పెద్ద మందని తోలుకుంటూ పుంత దారిన వచ్చాడు. పాపం, కోతలయ్యాక అయితే వాళ్ళకి ఎక్కడైనా మేపే. ఊడ్పుల వేళ ఎవరు దింపనిస్తారు? అందరూ కేకలేసి తరిమినట్టున్నారు. బాతులు అరవడం కూడా మానేసి, మెడలు వాల్చి నడుస్తున్నాయి. వాడు గట్టు మీదున్న బావగారిని చూసి ఆగాడు.

"అయ్యగారూ, పొద్దుట్నుంచీ ఎక్కడా కాలు పెట్టనివ్వలేదండి. ఈ పూటకి ఆ ఖాళీ చేలో..."

"దింపు, దింపు," అన్నారు బావగారు. మాట పూర్తి కూడా కానివ్వలేదు.

"ఆయ్," అని వాడు కర్ర దించేసరికి మంద మందంతా ఒక్కసారి నీళ్ళలోకి దూకింది. ఆ గోలకి మావారు నడుమెత్తి చూశారు. రెండు చేలకీ మధ్య ఉన్నది జానెడు గట్టు. అవి ఇటు ఎక్కాయంటే మా ఊడ్పంతా తొక్కుడే. మావారు చేతిలో కలుపు కింద పడేసి విసురుగా గట్టు మీదకి నడిచారు. ఇవాళతో అయిపోయింది, ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు జారతారు, రేపు పెరట్లో గోడ లేస్తుంది అనుకున్నాను. అడ్డం వెళదామన్నా బురదలోంచి కాళ్ళు రాలేదు.

మావారు గట్టు మీద నిలబడి ఆ బాతులకేసి చూశారు. మూతులు బురదలో పెట్టి ఆబగా మేస్తున్నాయి. అన్నగారికేసి చూశారు. ఆయన పంచె ఎగ్గట్టి, రాలిన కొబ్బరి మట్టొకటి పట్టుకుని, మా చేను వైపు రాబోయిన నాలుగింటిని ఒంటరిగా అదిలిస్తున్నారు. ఒక పక్క అదిలిస్తే ఇంకో పక్క నుంచి వస్తున్నాయి.

మావారు కంచెలోంచి ఒక కర్ర పీకారు.

"అన్నయ్యా, నువ్వా మూల చూసుకో. ఇటు నేను చూస్తాను."

బావగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "సరేరా," అన్నారు.

నేను ఎలాగో బురదలోంచి బయటపడి, గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. అక్కడికి వచ్చాక ఏడుపొచ్చింది. ఆ ఏడు ఎవరైనా అడిగితే ఇవ్వడానికి ఆయన దగ్గర ఆ ఖాళీ చేనొక్కటే ఉంది. చీకటి పడేదాకా బాతులు అందులో మేస్తూనే ఉన్నాయి. ఈ చివర ఒకరూ ఆ చివర ఒకరూ, అన్నదమ్ములిద్దరూ వాటికి కాపలాగా నిలబడే ఉన్నారు.